ఇంటికో అయస్కాంతం

జులై 6

పిన్నీ,

ఉత్తరం చూసి కంగారు పడకు. ఇక్కడ అందరం క్షేమమే. ఫోన్ చేస్తే పోయేదానికి ఈ కాగితాల గోలేమిటే అని నువ్వు విసుక్కునే లోపే కారణం చెప్పేస్తాను.

కంప్యూటర్ సైన్స్ తీసుకున్నాను కదా. యూనివర్సిటీకి ముందు ఈ రెండేళ్ళలో, మొదటి ఏడాదే ఒక ప్రాజెక్టు చెయ్యాలి. పుస్తకంలో లెక్క చేసినట్టు కాదు. నిజంగా ఏదో ఒక పని చేసుకునే మనిషిని పట్టుకుని, ఆ పనిలో కష్టం ఏమిటో కనుక్కుని, దానికి పనికొచ్చే ప్రోగ్రాం రాసి, ఆ మనిషి చేత వాడించాలి. ఆ మనిషిని మా సార్ 'యూజర్' అంటారు. పోయినేడు ఒకడు యూజర్‌ని తనే పుట్టించి, ఆ లేని మనిషి పేరుతో మెయిళ్ళు కూడా తనే రాసేసుకున్నాడట. అప్పట్నుంచి సార్ చేతిరాత ఉత్తరాలు తప్ప ఏదీ నమ్మడం లేదు. తేదీ వేసి, సంతకం పెట్టి, ఫైల్లో గుచ్చాలి.

నాకు తెలిసినవాళ్ళల్లో నీ అంత తలనొప్పి పని ఇంకెవరికీ లేదు. ఏ నర్సు ఏ పేషెంటు ఇంటికి ఎన్నింటికి వెళ్ళాలో రోజూ నువ్వే చార్టు వెయ్యాలి కదా. దానికే ప్రోగ్రాం రాస్తానని సార్‌కి చెప్పేశాను. నిన్ను అడక్కుండానే నీ పేరు ఇచ్చేశాను, తిట్టకు. నీ పని ఎలా చేస్తావో వివరంగా రాయి. తర్వాత ప్రోగ్రాం వాడి, ఎలా ఉందో రాయి. అంతే.

ఇంకో సంగతి. నాన్న ఈ సబ్జెక్టుకి ఎలా ఒప్పుకున్నారో నీకు పూర్తిగా తెలీదు. మెషీన్లే ప్రోగ్రాములు రాసేస్తున్న రోజుల్లో నువ్వు రాసేదేముంది అన్నారు. అమ్మ పోరు పడలేక చివరికి ఒక షరతు పెట్టారు. ఈ ప్రాజెక్టుకి 'ఏ' గ్రేడే రావాలి. రాకపోతే రెండో ఏడాది ఇది వదిలేసి అకౌంట్స్‌లో చేరాలి. ఆయన మాట అంటే మాటే, నీకు తెలుసుగా. కాబట్టి నా రెండో ఏడాది నీ చేతిలో ఉంది.

అమ్మ మోకాలు కాస్త నయం. నీకు ఉత్తరం రాస్తున్నానంటే, నువ్వు తీసుకెళ్ళిన స్వెట్టర్ ఎప్పుడిస్తావో కూడా అడగమంది. ఫైల్లో పెట్టే నకలులో ఆ వాక్యం కొట్టేస్తాను.

నీ గడుగ్గాయి


జులై 19

ఒసేయ్ గడుగ్గాయ్,

రెండు కాగితాలు పెడుతున్నాను. పెద్దది మీ సార్‌కి. చిన్నది నీకు. రెండూ కలిపి గుచ్చేసి నా పరువు తీయకు.

సార్ గారికి: మాది ఇళ్ళకి నర్సులను పంపే ఆఫీసు. కట్లు కట్టడం, ఇంజెక్షన్లు ఇవ్వడం, మంచం మీద ఉన్నవాళ్ళకి ఒళ్ళు తుడవడం వాళ్ళ పని. ఎవరు ఎక్కడికి వెళ్ళాలో చెప్పడం నా పని. నా కుర్చీ వెనక గోడంతా తెల్ల బోర్డు ఉంటుంది. నిలువు గళ్ళు నర్సులవి, అడ్డ గళ్ళు గంటలవి. ఇంటికో అయస్కాంతం. దాని మీద చిన్న కాగితం అంటించి గుర్తు రాసుకుంటాను, ఎందుకంటే పేషెంట్ల పేర్లు బోర్డు మీద రాయకూడదని మా రూలు. ఒక నర్సు స్కూటరు ఆగిపోయిందనుకోండి, ఆవిడ గడిలో ఉన్న అయస్కాంతాలన్నీ మిగతావాళ్ళకి పంచాలి. ఒకరి ఇంట్లో కుక్కంటే ఒక నర్సుకి భయం, ఇంకొకరి ఇంట్లో లిఫ్ట్ లేదు, మా సీనియర్ నర్సుకి ఆయాసం. ఇవన్నీ నా బుర్రలోనే ఉంటాయి. నేను సెలవు పెడితే ఆఫీసుకి బుర్ర ఉండదు.

ఇది నీకు: పై ముక్క గొప్ప కోసం రాయలేదు, నిజంగా అంతే. ఎండాకాలం ఫ్యాను గాలికి కాగితాలు ఊడిపోయి, ఏ అయస్కాంతం ఎవరిదో తెలీక నా తల ప్రాణం తోకకొచ్చింది. నీ ప్రోగ్రాం ఏదో వస్తే సంతోషమే. మేనేజర్ గారిని అడిగాను, పేర్లు లేకుండా వాడుకోమన్నారు. మీ నాన్న షరతు సంగతి విని ఒళ్ళు మండింది. బావ చిన్నప్పుడు సైకిల్ నేర్చుకోవడానికి కూడా ఎవరికో షరతు పెట్టే ఉంటాడు. నువ్వేం బెంగ పెట్టుకోకు. నీకు 'ఏ' గ్రేడు రాకుండా ఎలా ఉంటుందో నేనూ చూస్తాను.

స్వెట్టర్ నాదేనని మీ అమ్మకి చెప్పు.

పిన్ని


సెప్టెంబర్ 2

పిన్నీ,

కవర్లో పెన్ డ్రైవ్ ఉంది, చింపేటప్పుడు జాగ్రత్త. ఎలా మొదలుపెట్టాలో వెనక బొమ్మ వేశాను.

నీ ఉత్తరం సార్‌కి తెగ నచ్చింది. ఇంత బాగా తన పని గురించి చెప్పిన యూజర్ ఎవరికీ దొరకలేదన్నారు. కుక్క, లిఫ్టు అన్నీ పెట్టాను. ఏ నర్సుని ఏ ఇంటికి పంపకూడదో ఒకసారి చెబితే చాలు, అదే గుర్తుంచుకుంటుంది.

లోపల ఎలా ఉంటుందో కొంచెం చెబుతాను, విసుగైతే వదిలెయ్. నువ్వు కొట్టిన వివరాలు ఒక పట్టికలో వరసలుగా ఉంటాయి. ప్రతి వరసకీ ఇంకే వరసకీ లేని గుర్తు ఒకటి ఉండాలి, దాన్నే కీ అంటారు. ఏది పెట్టాలా అని ఆలోచిస్తుంటే నీ మాటే దారి చూపించింది. 'ఇంటికో అయస్కాంతం' అన్నావుగా. అందుకని ఇంటి నంబరే కీ. వివరాలు మారితే అదే ఇంటి నంబరుతో మళ్ళీ కొట్టు. పాతది పోయి కొత్తది వచ్చేస్తుంది, నువ్వు ప్రత్యేకంగా చెరపక్కర్లేదు. దీనికి సార్ క్లాసులో అందరి ముందూ శభాష్ అన్నారు. నాన్నకి చెబితే ఊఁ అన్నారు. ఆయన ఊఁ అనడమే ఎక్కువ.

వాడి చూసి రాయి. త్వరగా.

నీ గడుగ్గాయి


సెప్టెంబర్ 14

సార్ గారికి: మా అమ్మాయి రాసిన ప్రోగ్రాం అద్భుతంగా ఉంది. నాకు ఏ ఇబ్బందీ లేదు. మా ఆఫీసులో అందరూ మెచ్చుకుంటున్నారు. ఇంత చిన్న వయసులో ఇంత తెలివి అందరికీ ఉండదు.

గడుగ్గాయ్, ఇది నీకు: సీనియర్ నర్సు నీ ప్రోగ్రాం చూసి, తన ఆయాసం సంగతి కంప్యూటర్‌కి కూడా తెలిసిపోయిందని నవ్వింది. బోర్డు మొత్తం తుడిచేశాను. ఒక్క అయస్కాంతం మాత్రం ఉంచుకున్నాను, నా గుర్తుకోసం. కొత్త చెప్పులు కరిచినట్టు కొత్త ప్రోగ్రాం కూడా ఒకచోట కరుస్తుంది, నాలుగు రోజులు నడిస్తే సర్దుకుంటుంది. చిన్నచిన్నవి నేను చూసుకుంటాను. నువ్వు చదువు మీద దృష్టి పెట్టు.

మీ సార్ శభాష్ అన్న సంగతి మా ఆఫీసులో కనబడినవాళ్ళందరికీ చెప్పాను.

పిన్ని


సెప్టెంబర్ 27

పిన్నీ,

నీ ఉత్తరంతో చిక్కొచ్చింది. సార్ చదివి కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. 'ఇది అభిప్రాయం కాదమ్మా, ఆశీర్వచనం' అన్నారు. ఏ ప్రోగ్రామూ మొదటిసారే ఇంత బాగుండదట. మీ పిన్నిని గట్టిగా అడుగు, ఎక్కడ ఇబ్బంది పడుతోందో చెప్పమను అన్నారు. నా పక్కనమ్మాయి వాళ్ళ యూజర్ ఒక టైలర్. ఆయన రెండు పేజీల నిండా తిట్టి పెట్టాడు. దాన్ని అందరికీ చూపించి మురిసిపోతోంది.

తప్పులేమైనా ఉంటే చెప్పు పిన్నీ. నాకేమీ బాధ ఉండదు. ఏదో ఒకటి రాయి, సార్‌కి చూపించాలి. ఈ నెలాఖరుకి ఆ భాగం అయిపోవాలి. ఇందులో పోతే 'ఏ' గ్రేడు మీద ఆశ వదులుకోవాల్సిందే. అకౌంట్స్ పుస్తకాలు నాన్న అప్పుడే ఎవర్నో అడిగి ఉంచారు, అలమారలో కనబడ్డాయి.

నీ గడుగ్గాయి


అక్టోబర్ 9

గడుగ్గాయ్,

ముందు నీ కాగితం. మీ సార్ ఎత్తు నాకు అర్థమైంది. నా నోటితోనే నీ తప్పులు చెప్పించి, వాటిని చూపించి మార్కులు కొయ్యాలని చూస్తున్నాడు. ఇలాంటి ఆఫీసర్లని నేను బోలెడుమందిని చూశాను. 'మీకేమైనా ఇబ్బంది ఉంటే నిర్మొహమాటంగా చెప్పండి' అంటారు. చెప్పినవాళ్ళ పని అంతే. ఎవరో ముక్కూమొహం తెలియనివాడు మా ఇంటి పిల్ల గురించి అడిగితే, లోపాలు ఏకరువు పెట్టేంత వెర్రిదాన్ననుకున్నాడా. ఇంటివాళ్ళం మేమే వెనకేసుకు రాకపోతే ఎవరొస్తారు? నువ్వు అమాయకురాలివి, నీకు తెలీదు.

అయినా ఏదో ఒకటి రాయమన్నావు కాబట్టి, నీకు నష్టం లేనిది రాస్తున్నాను.

సార్ గారికి: ప్రోగ్రాంలో అక్షరాలు కొంచెం చిన్నవి. రంగులు కొంచెం వెలవెలబోయినట్టున్నాయి. తక్కినదంతా బ్రహ్మాండం.

పిన్ని


నవంబర్ 21

పిన్నీ,

అక్షరాలు పెద్దవి చేశాను. రంగులన్నీ మార్చాను. ఒక్కో నర్సుకి ఒక్కో రంగు, సమయం దాటితే ఎరుపు. అనుకున్నంత తేలిక కాలేదు. పరీక్షల చదువు పక్కన పెట్టి మరీ కూర్చున్నాను. కొత్త పెన్ డ్రైవ్ అందిందని కూడా నువ్వు రాయలేదు. నా మీద కోపమా? రంగులు నచ్చలేదా? ఉత్తరాలు ఆలస్యమవుతున్నాయి, వచ్చినా నాలుగు ముక్కలే ఉంటున్నాయి. పోనీలే.

అసలు సంగతి ఇది. డిసెంబర్ మొదటి వారంలో మా కాలేజీలో ప్రాజెక్టులన్నీ ప్రదర్శనకి పెడుతున్నారు. యూజర్లు కూడా రావాలి. బయటి కాలేజీ నుంచి ఒక పరీక్షకుడు వస్తున్నాడు, యూజర్లతో మాట్లాడతాడు. నాన్న కూడా వస్తానన్నారు. తనంతట తనే అన్నారు పిన్నీ, నేను అడగలేదు. నువ్వు రెండు రోజులు సెలవు పెట్టు. నువ్వు లేకపోతే ఆఫీసుకి బుర్ర ఉండదని రాశావు కానీ, ఇప్పుడు నా ప్రోగ్రాం ఉందిగా, అది చూసుకుంటుంది.

తప్పకుండా రావాలి. రాకపోతే నీతో మాట్లాడను.

నీ గడుగ్గాయి


డిసెంబర్ 20

అమ్మలూ,

ఆ రోజు నువ్వు ఆ మనుషుల మధ్య నిలబడి మాట్లాడుతుంటే చూసి కడుపు నిండిపోయింది. మీ నాన్న అందరికీ 'మా అమ్మాయి' అని చెప్పుకోవడం కూడా విన్నాను. అది చాలు నాకు.

మేము మళ్ళీ బోర్డుకే వెళ్ళిపోయాం. నీ ప్రోగ్రాం మీద తప్పేమీ లేదు. నేనే ఏదో తప్పు కొట్టాను, దాంతో గందరగోళమైంది. మేనేజర్ గారు కంప్యూటర్ వద్దన్నారు. దీని గురించి మీ సార్‌కి ఏమీ చెప్పకు. అడిగితే ఇంకా వాడుతోందనే చెప్పు. పెన్ డ్రైవులు రెండూ దీంతో పంపిస్తున్నాను. ఇక ఈ విషయం మీద ఉత్తరాలు వద్దు.

పిన్ని


డిసెంబర్ 28

పిన్నీ,

పెన్ డ్రైవులు అందాయి. సంతోషం.

ప్రదర్శన రోజు ఆ పరీక్షకుడు నిన్నడిగితే 'దీని వల్ల నా పని సగం తగ్గింది' అన్నావు. నా పక్కనే నిలబడి అన్నావు. రెండు వారాలు తిరిగేసరికి అక్కర్లేదని తిప్పి పంపావు. అంటే మొదట్నుంచీ నచ్చలేదన్నమాట. నచ్చకపోతే నచ్చలేదనాలి. ఇష్టం లేకుండా మొహమాటానికి వాడావు, చిన్నపిల్ల బొమ్మ గీసి ఇస్తే భలే ఉందని అటక మీద పడేసినట్టు. నాకు పదిహేడేళ్ళు. నేను చేసిన పనిని పనిలా చూస్తావనుకున్నాను.

సార్‌తో అబద్ధం చెప్పమని కూడా రాశావు. ఎలా చెప్పను? ఫైనల్ ఫైల్ ఇవ్వడానికి ఇంకా సమయముంది, యూజర్ ప్రోగ్రాం వాడటం మానేసిందని తెలిస్తే 'ఏ' గ్రేడు ఎలా వస్తుంది? దాని గురించి నువ్వు ఒక్కసారైనా ఆలోచించావా?

అమ్మకి నీ ఉత్తరం చూపించలేదు. చూపించాలని కూడా లేదు.

గడుగ్గాయి


జనవరి 17

పిన్నీ,

అమ్మ నీ దగ్గర్నుంచి వచ్చింది. బ్యాగు కింద పెట్టక ముందే నన్ను గదిలోకి తీసుకెళ్ళి అంతా చెప్పింది. పోయిన ఉత్తరం నేను రాయనట్టే అనుకో. అనుకోలేవని తెలుసు.

మూడో అంతస్తులో ఉండే ఆ పెద్దవాళ్ళిద్దరి సంగతి చెప్పింది. ఆయనకి కాలికి కట్టు, ఆవిడకి రోజూ పొద్దున ఇన్సులిన్ ఇంజెక్షన్ అట. నీ బోర్డు మీద ఆ ఇంటికి రెండు అయస్కాంతాలు ఉండేవట. ప్రోగ్రాంలోకి ఎక్కించాక ఆవిడ కనబడటం లేదని నువ్వు మొదటి వారంలోనే చూసి, ఆవిడ అయస్కాంతం ఒక్కటే ఖాళీ బోర్డు మీద ఉంచుకుని, రోజూ దాన్ని చూసి నర్సుని పంపేదానివట. నువ్వు మా కాలేజీకి వచ్చినప్పుడు నీ కుర్చీలో కూర్చున్న కొత్తావిడ, ఎవరో మర్చిపోయారనుకుని దాన్ని సొరుగులో వేసేసిందట. రెండు పొద్దులు ఆవిడకి ఇంజెక్షన్ లేదు. ఆయన కట్టు కోసం వచ్చిన నర్సుని ఆవిడే అడిగితే 'మీ ఇంటికి ఒక్క విజిటే ఉందండీ' అందట. తర్వాత ఆవిడ స్పృహ తప్పిందనీ, ఇంకా ఆస్పత్రిలోనే ఉందనీ అమ్మ చెప్పింది. నువ్వు మాత్రం 'తప్పు కొట్టింది నేనే' అని ఆఫీసులో రాసిచ్చావట.

నేను వెంటనే ప్రోగ్రాం తెరిచి ఆ ఇంటి నంబరుతో ఆవిడని ఎక్కించాను. తర్వాత అదే నంబరుతో ఆయన్ని ఎక్కించాను. ఆవిడ పోయింది. నేను రాసింది రాసినట్టే చేసింది. పాతది పోయి కొత్తది వచ్చింది. నేను కాలేజీలో రంగుల గురించి గొప్పలు చెబుతున్న పొద్దున ఆవిడ నర్సు కోసం ఎదురు చూస్తూ కూర్చుంది.

ఆ తప్పు నీ మీద ఉండనివ్వలేను. నాన్న వద్దన్నారు. నీకెందుకు, అది వాళ్ళ ఆఫీసు గొడవ, సార్‌కి తెలిస్తే గ్రేడు పోతుంది అన్నారు. మొదటిసారి నా గ్రేడు కోసం ఆయనే భయపడ్డారు. అయినా మీ మేనేజర్ గారికి నిన్ననే ఉత్తరం పంపేశాను. తప్పు ప్రోగ్రాందేననీ, ఎలా జరిగిందో, ఎక్కడ జరిగిందో వివరంగా రాశాను. మా పిన్ని ఆ లోపం ముందే కనిపెట్టి, అన్నాళ్ళూ అయస్కాంతం పెట్టుకుని ఆవిడకి ఒక్క ఇంజెక్షన్ కూడా తప్పకుండా చూసుకుందనీ, మా పిన్ని జాగ్రత్త వల్లే అంతకాలం ప్రమాదం జరగలేదనీ కూడా రాశాను. నిన్ను మళ్ళీ తలెత్తుకునేలా చెయ్యాలని రాశాను.

సార్‌కి కూడా చెప్పేశాను. అప్పుడు ఆయన చెప్పిన మాట విని నాకు ఏడుపొచ్చింది. ఈ ప్రాజెక్టులో మార్కులు బాగుందన్నందుకు రావట. యూజర్ పట్టిన ప్రతి తప్పుకీ, దాన్ని నేను దిద్దినందుకూ వస్తాయి. అందుకే ఆ టైలర్ ఉత్తరం చూసి పక్కనమ్మాయి అంత మురిసిపోయింది. నాకు ఆ ముక్క తెలుసు పిన్నీ. మొదటి రోజే చెప్పారు. నీకు చెప్పాలని తోచలేదు. తప్పుంటే చెప్పు అన్నానే గానీ, చెబితే నాకు మంచిదని ఒక్కసారీ రాయలేదు.

ఇప్పటికైనా నిజం రాయి. ఫైల్లో అదే పెడతాను.

నీ గడుగ్గాయి


ఫిబ్రవరి 3

గడుగ్గాయ్,

ఈసారి ఒకటే కాగితం. మీ సార్ చదువుకున్నా సరే, మీ నాన్న చదువుకున్నా సరే.

ముందు నా ఉద్యోగం సంగతి, ఎందుకంటే మీ అమ్మ ద్వారా ఎలాగూ నీకు చేరుతుంది. తప్పు కొట్టానని నేను రాసిచ్చినప్పుడు మేనేజర్ గారు ఒక హెచ్చరికతో సరిపెడదామన్నారు. నీ ఉత్తరం వచ్చాక పిలిచి కూర్చోబెట్టారు. నీ రాతని మెచ్చుకున్నారు. ఆ తర్వాత నన్ను అడిగింది ఒకటే. 'లోపం ఉందని మీకు ముందే తెలుసా?' తెలుసన్నాను. తెలిసి ఎవరికీ చెప్పకుండా, సెలవు పెట్టి వెళ్ళేటప్పుడు కొత్తావిడకి కూడా చెప్పకుండా ఎలా వెళ్ళారన్నారు. చెబితే నీ ప్రోగ్రాం సరిగ్గా లేదని ప్రదర్శనకి ముందే బయటపడుతుందని చెప్పలేదు. ఆ మాట ఆయన ముందు అనడానికి నోరు రాలేదు. చార్టు పని నా దగ్గర్నుంచి తీసేశారు. ఇప్పుడు స్టోరు గదిలో ఉన్నాను. దూది, చేతొడుగులు, పట్టీలు ఇస్తుంటాను. కిటికీ లేదు, కానీ ఫోన్ల గోలా లేదు.

నీ మీద కోపం రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది. ఆ అయస్కాంతం సంగతి ఎందుకు రాశావే అని తిట్టుకున్నాను. నువ్వు నన్ను వెనకేసుకు రావాలనే రాశావు, నేను నీకు చేసింది కూడా అదే. ఇద్దరం ఒకరినొకరు వెనకేసుకొచ్చాం, ఆ పెద్దావిడ తరఫున ఎవరమూ మాట్లాడలేదు. మేనేజర్ గారిది అన్యాయం అనలేను.

ఇక నువ్వడిగిన అభిప్రాయం. నీ ప్రోగ్రాం ఇళ్ళని లెక్కపెడుతుంది, మనుషుల్ని లెక్కపెట్టదు. ఒక ఇంట్లో ఇద్దరుంటే రెండోవాళ్ళని కొట్టగానే మొదటివాళ్ళని తీసేస్తుంది, తీసేశానని చెప్పదు కూడా. 'ఈ ఇంట్లో ఇంకొకరున్నారు, ఏం చెయ్యమంటారు' అని ఒక్క మాట అడిగి ఉంటే చాలు. పెళ్ళయి ఒక ఇంట్లో ఉంటే ఆడది మాయమైపోతుందని నీకెవరు నేర్పారే. ఇంటికో అయస్కాంతం అని రాసింది నేనే, ఆ తప్పు నాది. మేం మాట్లాడేటప్పుడు అలాగే అంటాం, ఆ ఇంటికి రెండున్న సంగతి నా కళ్ళ ముందు రోజూ ఉంటుంది కాబట్టి రాయాలని తోచలేదు. కానీ నువ్వు కూడా తిరిగి అడగలేదు. నర్సు మధ్యలో ఆలస్యమైతే మిగతావి జరపడానికి నీ ప్రోగ్రాంలో దారి లేదు, అన్నీ చెరిపి మళ్ళీ కొట్టుకునేదాన్ని. నా పని సగం తగ్గలేదు, రెట్టింపయింది. అక్షరాలు మొదట్లో ఉన్నవే సరిపోయేవి. రంగులు మొదటివే బాగుండేవి, ఇప్పటి ఎరుపు చూస్తే కళ్ళు లాగుతాయి. కుక్క, లిఫ్టు సంగతి మాత్రం నిజంగా బాగా చేశావు. అది మొహమాటానికి అనడం లేదు.

పెద్దావిడని చూడటానికి ఆస్పత్రికి వెళ్ళాను. తేరుకుంది, చిక్కిపోయింది, ఈ వారం ఇంటికి పంపిస్తారట. ఏమైందో దాచకుండా చెప్పాను, ప్రోగ్రాం రాసింది మా అక్క కూతురని కూడా చెప్పాను. ఆవిడ దుప్పటి పైకి లాక్కుంది. తర్వాత నెమ్మదిగా అంది. 'ఇల్లు ఆయన పేరు, ఫోను ఆయన పేరు, కరెంటు ఆయన పేరు. ఇంజెక్షన్ ఒక్కటే నా పేరు మీద ఉండేదమ్మా.'

ఈ మాట నీకు చెప్పాలనిపించింది.

పిన్ని


ఏప్రిల్ 30

పిన్నీ,

ఫలితాలు వచ్చాయి. నాకు బీ వచ్చింది.

మనిషికో నంబరు పెట్టి పట్టికంతా మళ్ళీ రాశాను. ఒకే ఇంట్లో ఇంకొకరుంటే అడుగుతుంది, అడక్కుండా ఎవర్నీ చెరపదు. మొదటి రంగులే మళ్ళీ పెట్టాను. నీ చివరి ఉత్తరం మీద సార్ పెద్ద టిక్కు పెట్టి, యూజర్ అభిప్రాయం అంటే ఇదీ అని రాశారు. కానీ వాడించి దిద్దాల్సిన కాలమంతా రంగుల్లో పోయింది కదా, ఆ భాగంలో మార్కులు పోయాయి. సార్ అన్యాయం చెయ్యలేదు. నేను కూడా వాదించలేదు.

షరతు ప్రకారం నేను ఓడిపోయాను. గ్రేడు కాగితం నాన్న ముందు పెట్టాను. ఆయన అది చూసి, ఫైల్ తెమ్మన్నారు. ముందు గదిలో కూర్చుని అన్ని ఉత్తరాలూ చదివారు. నీ చిన్న కాగితాలు కూడా అందులోనే ఉంచాను, క్షమించు. సైకిల్ ముక్క దగ్గర ఆయన మొహం ఎలా మారిందో చూడాల్సింది. అమ్మ రెండుసార్లు భోజనానికి పిలిచింది, లేవలేదు. ఆఖరి ఉత్తరం అయ్యాక కళ్ళజోడు తుడుచుకుని, 'మీ పిన్ని నాకు భయపడి అబద్ధం చెప్పిందా?' అని అడిగారు.

అవునన్నాను. మీ షరతు లేకపోతే మొదటి వారమే చెప్పేదన్నాను. ఆయనతో అలా మాట్లాడటం నాకిదే మొదటిసారి. నాన్న ఫైల్ మూసి భోజనానికి లేచారు. మర్నాడు చూస్తే అలమారలో అకౌంట్స్ పుస్తకాలు లేవు. ఎవరివో వాళ్ళకి ఇచ్చేశారట. కాలేజీలో రెండో ఏడాది సబ్జెక్టు రాసివ్వమంటే కంప్యూటర్ సైన్స్ అని రాసిచ్చాను. నాన్న అడిగి తెలుసుకున్నారు. ఊఁ అన్నారు. కాసేపాగి, 'రెండో ఏడాది ఇంకా పెద్ద ప్రాజెక్టు ఉంటుందటగా, ఈసారి ఎవరిని అడుగుతావ్?' అన్నారు.

నేను ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, మా పిన్నినే అన్నాను. ఆవిడే ఉన్నదున్నట్టు చెబుతుందన్నాను.

అన్నాక గుర్తొచ్చింది పిన్నీ, నువ్వు ఇప్పుడు ఆ కుర్చీలో లేవని.

నీ గడుగ్గాయి